సాల్వే ఫర్త్ అడుగు బురదలో డిప్లీటెడ్ యురేనియాన్ని నమ్మకంగా గుర్తించడం ఎలా?

పర్యావరణ రసాయన శాస్త్రంలో అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను. స్కాట్లాండ్‌లోని డండ్రెన్నన్ ఫైరింగ్ రేంజిలో బ్రిటన్ రక్షణ శాఖ 1982 నుంచి ఆరు వేలకు పైగా డిప్లీటెడ్ యురేనియం (యురేనియం-235 చాలావరకు తీసేయగా మిగిలిన లోహం) ట్యాంకు గుండ్లను పేల్చింది; గట్టున నిలబెట్టిన గుడ్డ తెరలను చీల్చుకుంటూ వెళ్లి అవి సాల్వే ఫర్త్ అనే సముద్రపు పాయలో పడ్డాయి. అలా అడుగున చేరిన దాదాపు 30 టన్నుల లోహం తుప్పు పట్టి ఎటు పోతోందన్నది నా పీజీ ప్రాజెక్టు అంశం.

లీటరు సముద్రపు నీటిలో సహజంగానే 3 మైక్రోగ్రాములకు పైగా యురేనియం ఉంటుంది కనుక మొత్తం పరిమాణాన్ని కొలిచినంత మాత్రాన ఏమీ తేలదు. సహజ యురేనియంలో 0.72 శాతం ఉండే యురేనియం-235 ఈ గుండ్లలో సుమారు 0.2 శాతమే కాబట్టి ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాల) నిష్పత్తే ఆధారం కావాలి. ఈ గుండ్లలో స్వల్పంగా ఉండే యురేనియం-236 కూడా సాక్ష్యమే గానీ, దక్షిణాన ఇంగ్లండ్ తీరంలో ఉన్న సెల్లాఫీల్డ్ అణు కేంద్రం నుంచి దశాబ్దాలుగా వదిలిన వ్యర్థ జలాల్లోనూ అది ఉంది. నన్ను నిజంగా కలవరపెడుతున్నది ఇదే.

ఈ రెండు మూలాలను విడదీయడానికి ఏ నిష్పత్తులను జతగా చూడాలి? బురద, సముద్రపు నాచు, రాళ్లకు అంటుకున్న ఆల్చిప్పలు, వీటిలో దేన్ని ముందు సేకరించడం మేలు? బురదను పూర్తిగా ఆమ్లంలో కరిగిస్తే ఖనిజాల్లోని సహజ యురేనియం కలిసిపోయి అసలు సంకేతం మరుగున పడుతుందేమో, అందుకే పలుచని ఆమ్లంతో పైపొరను మాత్రమే కడగడం సరైనదేనా? ఇలాంటి నమూనాలతో స్వయంగా పనిచేసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.