పాత దాగలి ముఖం మిల్లింగ్‌కి ఇవ్వాలా, ఉన్నదున్నట్టు వాడాలా?

ఒహాయో_కొలిమి:
అందరికీ నమస్కారం. మా ఊరి దగ్గర ఒక పాత ఫారం సామాన్లు వేలం వేస్తే పీటర్ రైట్ కంపెనీ దాగలి (ఇనుము పెట్టి సుత్తితో కొట్టే దిమ్మె) ఒకటి, దాంతోపాటు ఒక లెగ్ వైస్ (నేల దాకా కాలుండే బిగింపు పనిముట్టు) కొన్నాను. దాగలి పక్కన 1 2 10 అని చెక్కి ఉంది. ఇది ఇంగ్లండు వాళ్ళ హండ్రెడ్‌వెయిట్ లెక్క. మొదటి అంకెను 112తో, రెండోదాన్ని 28తో హెచ్చించి మూడోది కలపాలి. మొత్తం 178 పౌన్లు, అంటే 81 కిలోలకు కాస్త తక్కువ.

ముఖం మీద స్కేలు నిలబెడితే మధ్యలో 3 మి.మీ. పల్లం ఉంది. అవతలి అంచు అక్కడక్కడా పెచ్చులూడింది. ఇక్కడి మెషిన్ షాపు అతను మిల్లింగ్ (మిషనుతో పైపొర చెక్కడం) చేసి 3 మి.మీ. తీసేస్తే సాపుగా వస్తుందంటున్నాడు. నేను చేసేవి కత్తులు, చిన్న గేటు పనులు. ఇచ్చేయమంటారా? వైస్‌కి స్ప్రింగు లేదు, స్క్రూ బిగుసుకుపోయింది. దాని సంగతి కూడా చెప్పండి.

నిప్పుకణిక:
దయచేసి ఇవ్వకండి. ఆ దాగలి మొత్తం ఉక్కు కాదండీ. ఇంగ్లండులోని డడ్లీలో పీటర్ రైట్ వాళ్ళు చేసినవాటిలో ఒళ్ళంతా చేత ఇనుము (రాట్ ఐరన్), మెత్తన. దాని పైన ఉక్కు పలకను కొలిమిలో కాల్చి అతికించి, ఆ తర్వాత నీళ్ళతో చల్లార్చి గట్టిపరిచారు (దీన్నే పదును పెట్టడం అంటాం). ఆ పలక కొత్తగా ఉన్నప్పుడే సుమారు అర అంగుళం మందం. తరాల తరబడి దెబ్బలు తిన్నాక ఎంత మిగిలిందో పైనుంచి చూస్తే తెలియదు. పైగా ఆ గట్టిదనం పలక మందమంతా ఒకేలా ఉండదు. పైపొర బాగా గట్టిగా ఉండి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. మీరు తీయించే 3 మి.మీ. అన్నిటికన్నా గట్టిగా ఉన్న 3 మి.మీ.

ఇంకో సంగతి. ఈ పాత దాగలుల అడుగు ముఖానికి సమాంతరంగా ఉండదు, చేత్తో కొట్టి చేసినవి కదా. మిషను బల్ల మీద పెడితే ఒక కొసన 3 పోయేది రెండో కొసన 6 పోవచ్చు. తోక (ముక్కులాంటి కొమ్ముకు అవతలి కొస) వైపు పలక కింది ఇనుము బయటపడిన దాగలులను చూశాను. అలాంటిదాన్ని మళ్ళీ బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

టర్నర్_గాజువాక:
నిప్పుకణిక గారూ, మిల్లింగ్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ "ముట్టుకోవద్దు" అనే మాట నాకు నచ్చదు. దాగలి పనిముట్టు, మ్యూజియం వస్తువు కాదు. రైల్వేలో పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగులు అరిగితే గట్టి రాడ్‌తో వెల్డింగ్ వేసి, గ్రైండ్ చేసి, మళ్ళీ రైళ్ళు నడుపుతున్నారు. అంత బరువు తట్టుకునే పద్ధతి సుత్తి దెబ్బకు ఆగదా? దాగలిని 200 డిగ్రీల దాకా వేడి చేసి, అంచుల్లో వెల్డ్ నింపి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లార్చితే నిలబడుతుంది. చేసేవాడికి చేయి ఉండాలి, అంతే.

నిప్పుకణిక:
క్రాసింగు మొత్తం ఒకటే ఉక్కు. ఇక్కడ మెత్తటి ఇనుము, గట్టి ఉక్కు, మధ్యలో అతుకు. తేడా అక్కడుంది. 80 కిలోల ఇనుము చల్లగా ఉండగా వెల్డ్ వేస్తే ఆ వేడిని క్షణంలో లాగేస్తుంది, వెల్డ్ పూస (కరిగి గట్టిపడిన వెల్డ్ గీత) కింద పగులు పుడుతుంది. అందుకే మీరన్న వేడి తప్పనిసరి. 200 దగ్గర ముఖానికి పెద్ద నష్టం లేదు, నిజమే. కానీ పూస పక్కన ఉన్న ఉక్కు అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కి పదును కోల్పోతుంది. మరమ్మతు చేసిన అంచు పక్కనే మెత్తటి గాడి ఏర్పడుతుంది.

నా గీత ఎక్కడంటే: అరిగిన దాగలికి వెల్డింగ్ వద్దు. సుత్తి పెట్టడానికి నాలుగు అంగుళాల మంచి అంచు కూడా మిగలనంతగా విరిగిపోతే అప్పుడు అంచు వరకే వేయించండి. అదీ చేత ఇనుము దాగలికే. న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో చేసిన ఫిషర్ లాంటివాటికి ఒళ్ళు పోత ఇనుము, ముఖం ఉక్కు. వాటి జోలికి మామూలు వెల్డర్‌ని అసలు రానివ్వకూడదు.

జగిత్యాల_కమ్మరి:
అన్నలూ, మాది కమ్మరి ఇల్లు. మా తాత దాగలికి కొమ్ము లేదు, తోక లేదు. చదరపు దిమ్మె, తుమ్మ మొద్దులో దిగ్గొట్టి ఉంటది. నాగలి కర్రులు, కొడవళ్ళు అన్నీ దాని మీదనే. నడుమ పల్లం దానికీ ఉంది, దాన్ని ఎవరూ సాపు చేయించలేదు. వంకర తీయాలంటే ఆ పల్లమే పనికొస్తది. ఇనుమును సరిగ్గా నిటారు దాకా కొట్టి ఆపితే మళ్ళా వెనక్కి వస్తది. నిటారు దాటించి కొట్టాలె. సాపు ముఖం మీద అది ఎట్ల దాటుతది?

అంచు ముచ్చట కూడా చెప్త. పదునుగా ఉన్న అంచు మీద మెట్టు దించితే (ఇనుమును ఒక పక్క పలచన చేస్తే) మూలలో ఇనుము కోసుకుపోయి, తర్వాత మడత పడి అక్కడే విరుగుతది. పెచ్చులూడిన చోట గ్రైండర్‌తో గుండ్రం చేయండి. ఒకచోట పెద్ద గుండ్రం, ఒకచోట చిన్నది పెట్టుకుంటే ఒక్క దాగలి మీద నాలుగు పనులు అయితయి.

ఒహాయో_కొలిమి:
ఈ అంచు మాట నాకెవరూ చెప్పలేదన్నా, చాలా థాంక్స్. మరి కత్తి పలక? పొడవు అలుగు సాపుగా రావాలి కదా.

టర్నర్_గాజువాక:
దానికి దాగలిని కోయక్కర్లేదు. రెండు అంగుళాల మందం ఉక్కు దిమ్మె ఒకటి తెచ్చి, దాని ముఖం సాపు చేయించుకుని పక్కన పెట్టుకోండి. ఆ మెషిన్ షాపు అతనికి ఆ పని ఇవ్వండి. మీ దగ్గర పాత ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కులు దొరుకుతాయి, మంచి ఉక్కు.

ఇక్కడ ఇండియాలో చదివేవాళ్ళకు ఒక మాట. దాగలి బదులు రైలు పట్టా ముక్క కొనాలనుకుంటే వేలం బిల్లు లేకుండా ముట్టుకోకండి. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం దొంగిలించిన పట్టా మన దగ్గర ఉండడమే నేరం. తుక్కు కొట్టువాడి నోటిమాట ఆర్.పి.ఎఫ్. (రైల్వే రక్షణ దళం) ముందు చెల్లదు.

నిప్పుకణిక:
మంచి మాట చెప్పారు. కొనేవాళ్ళకు ఇంకోటి: మోత విని మోసపోకండి. పాత చేత ఇనుము దాగలి గంట కొట్టినట్టు మోగుతుంది. ఒకచోట మోగి ఇంకోచోట మొద్దుగా పలికితే అక్కడ పలక ఊడి ఉండొచ్చు. కానీ ఫిషర్ అసలు మోగదు, అయినా మేలైన దాగలి. కాబట్టి అంగుళం బేరింగు గుండును 10 అంగుళాల ఎత్తు నుంచి వదిలి చూడాలి. 8, 9 అంగుళాలు లేస్తే ముఖం గట్టిగా ఉన్నట్టు. ఒట్టి పోత ఇనుముతో చేసి కొత్త రంగేసి అమ్మేవాటి మీద సగం కూడా లేవకపోవచ్చు.

వైస్ విషయంలో మాత్రం నా సలహా తలకిందులు. దాన్ని పూర్తిగా విప్పి బాగుచేయండి. దాని కాలు నేల దాకా ఎందుకుందంటే దెబ్బ బల్లకు కాకుండా భూమికి పోవాలని. అందుకే పోత ఇనుము బెంచి వైస్ పగిలే దెబ్బ కూడా ఇది తట్టుకుంటుంది. కాలు కింద గట్టి దిమ్మె లేకపోతే ఆ లాభమంతా పోతుంది. పాతవాటిలో స్క్రూ గొట్టం లోపలి మరలను విడిగా చేసి ఇత్తడితో అతికించేవారు. బిగిసిందని కొలిమిలో పెడితే ఆ ఇత్తడి కరిగి మరలు ఊడొస్తాయి. డీజిల్ పోసి కొన్నాళ్ళు నాననివ్వండి. స్ప్రింగుకు పాత కారు స్ప్రింగు పట్టీ (లీఫ్ స్ప్రింగ్) ముక్క చాలు.

తుప్పు వదిలించడానికి వైస్‌ని చాకలి సోడా నీళ్ళలో ముంచి, బ్యాటరీ ఛార్జరుతో కరెంటు పంపండి. నెగటివ్ వైస్‌కి, పాజిటివ్ మామూలు ఇనుప ముక్కకి. స్టెయిన్‌లెస్ మాత్రం పెట్టకండి, ఆ నీళ్ళలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకకండి. దాగలికి ఇవేమీ వద్దు. వైరు బ్రష్, అవిసె నూనె, అంతే. పక్కన ఉన్న అంకెల మీద గ్రైండర్ పోనివ్వకండి.

ఒహాయో_కొలిమి:
మిల్లింగ్ మానేశాను, షాపు అతనికి ఫోన్ చేసి చెప్పేశా. జగిత్యాల అన్న చెప్పినట్టు అంచులు గుండ్రం చేస్తాను. తోక దగ్గర మాత్రం ఒక పెచ్చు లోతుగా ఉంది, అంగుళంన్నర పొడవు.

టర్నర్_గాజువాక:
అంగుళంన్నర అయితే నేను వెల్డ్ వేసేవాణ్ణి. ఆ విషయంలో నా మాట మారదు.

జగిత్యాల_కమ్మరి:
వద్దు తమ్ముడూ. తోక మీద బరువు దెబ్బలు ఎట్లాగూ వేయం. దాన్ని అట్లనే ఉండనియ్.

నిప్పుకణిక:
ముందు గుండు వేసి చూడండి. మధ్యలో ఎంత లేచిందో, ఆ పెచ్చు పక్కన ఎంత లేచిందో రెండూ రాయండి. అక్కడ బాగా తగ్గితే పలక కింద అతుకు వదిలిందేమో చూడాలి. అప్పుడు వెల్డింగ్ మాటే రాదు.