దుక్కి లోతు మారకపోతే రక్షిత ఆవరణకు నష్టం లేనట్టేనా?

కందకంచూపు: స్కాట్లాండ్ ఈస్ట్ లోథియన్ బార్లీ చేలల్లో ఇనుపయుగపు ఆవరణలు (చుట్టూ గట్టు, కందకం ఉన్న పాత నివాసాలు) చాలావాటికి గట్టు ఆనవాలే మిగల్లేదు. పూడిన కందకం తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి, వానల్లేని ఏడాది దానిమీది పైరు మాత్రమే ఎత్తుగా, పచ్చగా నిలిచి విమానంలోంచి వలయంలా కనిపిస్తుంది. పురాతన కట్టడాలను కాపాడే 1979 నాటి బ్రిటన్ చట్టం కింద రక్షణ ఉన్నా, మునుపటినుంచీ దున్నే చోట అదే లోతుకు దున్నుకోవచ్చు. ఆ వెసులుబాటు ఎత్తెయ్యాలి.

సాలుదారి: ఎందుకెత్తెయ్యాలి? నాగలి దిగేది 20–25 సెంటీమీటర్లు. అంతవరకు ఉన్నది ఎప్పుడో కలిసిపోయింది. మిగిలిన కందకం దానికింద భద్రం.

కందకంచూపు: లోతు కొలిచేది నేలమట్టం నుంచి. ఆ మట్టమే తగ్గుతుంటే? వాలు చేలో ప్రతి దుక్కికీ మెరక మట్టి పల్లానికి జారుతుంది. నాగలి అదే 25 దిగినా, మెరకన నిరుడు తాకని పొరను కోస్తుంది. చేతి ఆగర్‌తో (మట్టి పొరలు చూడ్డానికి నేలలోకి తిప్పి దించే బరమాతో) వాలు పొడుగునా చూడండి: పైన దుక్కిమట్టి పలచన, దిగువన మందం. పైన దుక్కిమట్టిలో అడుగుమట్టి గడ్డలు కనిపిస్తే కోత ఇప్పుడూ సాగుతున్నట్టే.

గడ్డిమిట్ట: రక్షిత హద్దులో ఆగర్ దించాలన్నా ముందు అనుమతి కావాలి. హద్దు బయట, అదే వాలులో తీయండి.

సాలుదారి: మరి చదును చేలో? 25 అంటే 25.

కందకంచూపు: చదును చేలో బంగాళాదుంప వేస్తారు. రాళ్లు వేరుచేసే యంత్రం అంతకంటే లోతుకే వెళ్తుంది. తడినేలలో ట్రైలర్లు తొక్కిన గట్టిపొర పగలగొట్టడానికి సబ్‌సాయిలర్ (అడుగుమట్టిని చీల్చే పనిముట్టు) 45 సెంటీమీటర్లకి దించుతారు. అదీ అదే లోతేనా?

సాలుదారి: నేను బార్లీ అంటే మీరు దుంపలంటారేం? లోతు పెంచితే వేరే అనుమతి తప్పనిసరని చట్టంలోనే ఉంది. మీ మాట ప్రకారం దున్నేవాడల్లా దొంగే!

గడ్డిమిట్ట: దుక్కి మానేసి పచ్చిక వేసినా కాపలా తప్పదు. కుందేళ్లు కందకపు మెత్తటి పూడికలోనే బొరియలు చేస్తాయి. నీళ్లతొట్టి వలయం మీద పెడితే పశువుల గిట్టలకు నేల చితికిపోతుంది, తొట్టి హద్దు బయటే ఉండాలి.

సాలుదారి: పచ్చిక వేస్తే బార్లీ పోయినట్టే. ఆ నేలమీద రాబడి ఏటేటా ఎవరిస్తారు? అది రాతలో పెట్టండి, లోతు గురించి నాకిక పేచీ లేదు. నా గొడవంతా ఇదే.

కందకంచూపు: ఇవ్వాల్సిందే, అందులో వాదన లేదు. అది తేలేదాకా దున్నుతామంటే మాత్రం ఒప్పుకోను, కోసిన పొర తిరిగి రాదు. ఈలోగా వలయం మేరకు దున్నకుండా, కోతమోళ్లలోనే డ్రిల్‌తో (నేల చీల్చి విత్తే యంత్రంతో) 3–4 సెంటీమీటర్ల లోతున విత్తండి.

సాలుదారి: తడి బంకనేలలో ఆ డ్రిల్ చీలిక మూసుకోదు. విత్తనం కుళ్లుతుంది, మిగిలింది నత్తలు తింటాయి. ఆ నష్టం కూడా అదే రాతలో రాయించండి.