కన్ను కోసిన తల్లి రొయ్యను కాపాడేది ఏమిటి?

ప్రశ్న: భీమిలి హేచరీ

అందరికీ నమస్కారం. విశాఖపట్నం దగ్గర భీమిలి తీరంలో ఒక రొయ్యల హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి రొయ్య పిల్లలను తయారుచేసే కేంద్రంలో, తల్లి రొయ్యల విభాగంలో నేను ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. గుడ్లు త్వరగా పట్టడానికి ఆడ వనామీ రొయ్యకు ఒక కంటికాడను తొలగిస్తామని ఈ రంగంలో ఉన్నవారికి తెలిసినదే. అండాశయం ఎదగకుండా ఆపే హార్మోను ఆ కాడలోనే ఉంటుంది. సముద్రపు నీటిని మేము ఎంత వడగట్టినా, ఎంత శుద్ధి చేసినా అందులో బ్యాక్టీరియా బొత్తిగా లేకుండా పోదు. అలాంటి నీటిలోనే రొయ్య పచ్చి గాయంతో తిరుగుతుంది, మేత తింటుంది, కొద్ది రోజులకే దాని అండాశయం నిండుతుంది. గాయమైన చోట నల్లటి పెచ్చు మాత్రం మిగులుతుంది. రొయ్యలకు మనకు ఉన్నట్లు యాంటీబాడీలు ఉండవని శిక్షణలో చెప్పారు. అయితే వాటిని కాపాడుతున్నది ఏమిటి? ఈ మధ్య ఒక దుకాణదారు ‘రొయ్యల వ్యాక్సిన్’ అంటూ ఒక పొడిని తెచ్చి చూపించారు. మేతలో కలపవచ్చా అని మా యజమాని అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను.

జవాబు 1: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు

మీరు రోజూ చూస్తున్న ఆ నల్లటి పెచ్చులోనే సగం జవాబు ఉంది. గాయం కాగానే రొయ్య రక్తం గడ్డకట్టి రంధ్రాన్ని మూసివేస్తుంది. ఆ తరువాత ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పనిచేసి అక్కడ మెలనిన్ అనే నల్లని పదార్థాన్ని పేరుస్తుంది. మీ ప్రశ్నకు అసలైన జవాబు మాత్రం రక్తకణాల లోపల ఉంది. సిరంజితో తీసిన రొయ్య రక్తాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఎరుపు కనిపించదు. దాదాపు రంగులేని ద్రవంలో లేత నీలి ఛాయ ఉంటుంది, అది రాగితో కూడిన హీమోసయనిన్ వల్ల వచ్చినది. ఆ ద్రవంలో తేలియాడే కణాలను హీమోసైట్లు అంటారు. వాటిలోని సన్నని రేణువులలో సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్లు, అంటే పొట్టి ప్రోటీను గొలుసులు, ముందుగానే తయారై నిల్వ ఉంటాయి. 1997లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు మీరు చేత్తో పట్టుకునే ఈ వనామీ రక్తం నుంచే వాటిని వేరుచేసి పీనైడిన్లు అని పేరు పెట్టారు. సూక్ష్మజీవి లోపలికి చొరబడగానే కణాలు గాయం దగ్గరకు చేరి ఆ నిల్వను విడుదల చేస్తాయి.

ఈ గొలుసులు బ్యాక్టీరియాను చంపి రొయ్య సొంత కణాలను ఎందుకు వదిలేస్తాయన్నది నన్ను ఇప్పటికీ ఆకట్టుకునే విషయం. వీటిలో ఎక్కువ వాటికి ధనావేశం ఉంటుంది. బ్యాక్టీరియా పైపొరకు రుణావేశం ఎక్కువ. జంతుకణాల వెలుపలి పొర దాదాపు తటస్థంగా ఉంటుంది, పైగా అందులో కొలెస్ట్రాల్ ఉంటుంది. అందువల్ల పెప్టైడు బ్యాక్టీరియాకే అతుక్కుంటుంది. ఆ తరువాత చాలా పెప్టైడ్లు పొరను చీల్చి రంధ్రాలు చేస్తాయి, మరికొన్ని లోపలికి వెళ్లి కణం పనిని ఆపుతాయి. ఈ ఎంపిక అన్నింటికీ ఉండదు: తేనెటీగ విషంలోని 26 అమైనో ఆమ్లాల మెలిటిన్ మన ఎర్ర రక్తకణాలను కూడా పగలగొడుతుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. బ్యాక్టీరియాను గ్రామ్ అనే రంగు పరీక్షతో రెండు రకాలుగా విడదీస్తారు: రంగు నిలిచేవి గ్రామ్ పాజిటివ్, నిలవనివి గ్రామ్ నెగటివ్. పీనైడిన్లు ప్రధానంగా గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా మీద, బూజుల మీద పనిచేస్తాయి. మీ హేచరీలలో భయపెట్టే విబ్రియో అనే బ్యాక్టీరియా గ్రామ్ నెగటివ్ జాతి. దాని పైపొరలోని లైపోపాలీశాకరైడు అనే కొవ్వు-చక్కెర పదార్థాన్ని పట్టుకునే పెప్టైడ్లు రొయ్యలో వేరే ఉన్నాయి.

జవాబు 2: కీటక పరిశోధక విద్యార్థిని

గురువుగారు చెప్పిన దానికి కీటకాల వైపు నుంచి కొంత చేరుస్తాను. ఈ రంగానికి పునాది స్టాక్‌హోంలో పడింది. హాన్స్ బోమన్ బృందం సెక్రోపియా అనే పెద్ద పట్టు చిమ్మట ప్యూపాలలోకి బ్యాక్టీరియాను ఎక్కించి, ఆ తరువాత వాటి రక్తంలో పుట్టుకొచ్చిన సెక్రోపిన్లు అనే పెప్టైడ్లను వేరుచేసి, 1981లో వాటి నిర్మాణాన్ని ప్రకటించింది. రొయ్యకూ కీటకానికీ తేడా ఇక్కడే కనిపిస్తుంది. రొయ్య పీనైడిన్లను నిల్వ పెట్టుకుంటుంది. కీటకం అంటువ్యాధి సోకిన కొన్ని గంటల్లోనే తన కొవ్వు కణజాలంలో పెప్టైడ్లను కొత్తగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ముగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే పండ్ల ఈగలో, బూజు సోకినప్పుడు ఆ తయారీని మొదలుపెట్టే టోల్ మార్గాన్ని, అంటే కణం లోపలి సంకేతాల వరుసను, 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం స్ట్రాస్‌బోర్గ్‌లో గుర్తించింది. 2011 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది.

ఇంతకాలం ఈ పెప్టైడ్లను గాజు పళ్లాలలో పరీక్షించడమే ఎక్కువగా జరిగింది. 2019లో ఒక బృందం పండ్ల ఈగలో ఏకంగా 10 పెప్టైడు జన్యువులను తొలగించి చూసినప్పుడు, ఆ ఈగలు గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకూ బూజులకూ సులువుగా లొంగిపోయాయి. ప్రొవిడెన్సియా రెట్‌గెరి అనే బ్యాక్టీరియాను అడ్డుకునే భారమంతా దాదాపు డిప్టెరిసిన్లు అనే పెప్టైడ్ల మీదే పడుతోందని కూడా అందులో తేలింది. ఏ పెప్టైడైనా ఏ సూక్ష్మజీవినైనా చంపుతుందన్న మాట పూర్తిగా నిజం కాదన్నమాట.

భీమిలి హేచరీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాగైతే ఈ పెప్టైడ్లనే తయారుచేసి మేతలో కలిపితే సరిపోతుంది కదా? యాంటీబయాటిక్ అవశేషాలు దొరికి ఎగుమతి సరుకు వెనక్కి వచ్చే బాధ కూడా తప్పుతుంది.

జవాబు 3: ఆక్వా సలహాదారు, విశాఖపట్నం

ఆశ మంచిదే గానీ రెండు చిక్కులు ఉన్నాయి. మేతతో లోపలికి వెళ్లిన పెప్టైడు జీర్ణరసాలకు చిక్కి విరిగిపోయే అవకాశం ఎక్కువ. రెండవది, బ్యాక్టీరియా వీటికి కూడా అలవాటు పడగలదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ కూడా పెప్టైడు జాతి మందే. బ్యాక్టీరియా తన పైపొర మీది రుణావేశాన్ని తగ్గించుకుని దాని నుంచి తప్పించుకోవడం నేర్చింది. ఆహారం కోసం పెంచే జంతువులలో దాని వాడకాన్ని మన దేశం 2019లో నిషేధించింది.

మీ దుకాణదారు పొడిని నేను చూడలేదు. ఇలాంటి పొడులలో తరచుగా ఉండేది ఈస్టు గోడ నుంచి తీసిన బీటా గ్లూకాన్. రొయ్య రక్తంలో దాన్ని గుర్తుపట్టే ప్రోటీను ఉన్న మాట నిజమే, రక్షణ వ్యవస్థను అది కొంత మేల్కొలపగలదు. అయితే ఒక ఫలానా సూక్ష్మజీవిని శరీరం గుర్తుపెట్టుకునేలా చేసేదే వ్యాక్సిన్; ఇది అలాంటిది కాదు కాబట్టి దాన్ని వ్యాక్సిన్ అని అమ్మడం మాత్రం తప్పు. అంతకంటే ముందు మీ చేతిలో ఉన్న పనిని చూడండి: ఆయుధం హీమోసైట్లలో నిల్వ ఉందన్నప్పుడు ఆ కణాలు తగ్గకుండా చూడడమే అసలు రక్షణ. ఆక్సిజన్ పడిపోయినా, అమ్మోనియా పెరిగినా, ఉప్పదనం ఒక్కసారిగా మారినా వాటి సంఖ్య తగ్గుతుంది. కంటికాడను తొలగించే ముందు రొయ్య గుల్లను వేలితో నొక్కి చూడండి. గుల్ల మెత్తగా ఉంటే అది అప్పుడే కుబుసం విడిచినదని అర్థం; ఆ స్థితిలో కోస్తే రక్తం ఎక్కువగా పోతుంది, రక్తంతో పాటు ఆ కణాలూ పోతాయి.

కీటక పరిశోధక విద్యార్థిని

సలహాదారుగారి మాటకు ఒక చిన్న సవరణ. వెన్నెముక లేని జీవులకు జ్ఞాపకం బొత్తిగా లేదని ఎవరూ అనుకోకూడదు. చచ్చిన న్యూమోకోకస్ బ్యాక్టీరియాను ముందుగా ఎక్కించిన పండ్ల ఈగలు, తరువాత బతికి ఉన్న దానిని ఎక్కించినా నిలబడ్డాయని 2007లో ప్రకటించారు. ఆ రక్షణ ఆధారపడింది పెప్టైడ్ల మీద కాదు, బ్యాక్టీరియాను మింగే కణాల మీద. అయితే అది అన్ని బ్యాక్టీరియాల విషయంలోనూ కనిపించలేదు. కాబట్టి ఆ పొడి తెచ్చినవారిని రెండు మాటలు అడగండి: ఇది ఏ సూక్ష్మజీవి మీద పనిచేస్తుంది, వనామీ మీదే పరీక్షించారా?