రంగనతిట్టు పడవ నుంచి ఫొటోలు: తెల్ల ఈకల వివరాలు పోతున్నాయి

శ్రీరంగపట్నం దగ్గర కావేరి లంకల్లో ఉన్న రంగనతిట్టు పక్షుల అభయారణ్యంలో, మార్చిలో, తెడ్డుమూతి కొంగల గూళ్లను ఫొటో తీశాను. ఉదయం 9 గంటల ఎండ, వెనక ముదురు పచ్చని చెట్లు. 70-300 లెన్స్, ఎఫ్/6.3, షట్టర్ 1/1000, ఆటో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే ఎంచుకుంటుంది).

ముక్కు కొసన పసుపు కూడా చక్కగా వచ్చింది, ఒళ్లు మాత్రం సున్నం కొట్టినట్టుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కంటే ఫొటోను ముదురు లేదా లేత చేసే సర్దుబాటు) -0.7 పెడితే ఈకలు కనిపించాయి కానీ నీడలోని పిల్లలు నల్లబడ్డాయి. స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటి వెలుగునే కొలవడం) పెడితే తెడ్ల పడవ ఊగి పాయింట్ ఆకుల మీదికి పోతోంది. రా (కెమెరా ముడి) ఫైల్లోనూ తెలుపు తిరిగి రాలేదు. లంక మీద దిగనివ్వరు (దిగకూడదు కూడా), కాబట్టి ట్రైపాడ్ మాట లేదు.

ఇలాంటి వెలుగులో పూర్తి మాన్యువల్‌లో తీసేవాళ్లు ఐఎస్ఓ ఎంత దగ్గర ఫిక్స్ చేస్తారు?