సంక్రాంతి కలయికకు వంశవృక్షం: పై తరాల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

గోదారిగట్టు: పెదనాన్నల, బాబాయిల, మేనత్తల పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, డల్లాస్‌లలో స్థిరపడ్డారు. పిల్లలకు వరసలు తెలియట్లేదు. ముత్తాత దగ్గర ఆగిపోయింది, పైకి వెళ్లే దారేమిటి?

పంచాంగంపిచ్చి: ముందు ఇంటి పురోహితుణ్ణి అడగండి. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో చెప్పాలి గనక మూడు తరాలు అక్కడే తేలతాయి. తాతగారు పెట్టిన తద్దినాల జాబితా దొరికితే ఇంకో రెండు తరాలు పైకి పోవచ్చు. మహాలయ పక్షంలో తర్పణాలు వదిలే ఇళ్లయితే మరీ మంచిది. తల్లి వైపు తాతలు, మేనమామలు, మేనత్తలు, పిల్లనిచ్చిన మామగారు, పోయిన అందరి పేర్లూ ఉంటాయి. ఆ కాగితం ఫొటో తీసి పెట్టుకోండి.

దస్తావేజులదారి: తద్దినాలు పెట్టని ఇళ్లు బోలెడు ఉన్నాయి కదండీ. వాళ్లకు పంపకాల దస్తావేజే దిక్కు. అన్నదమ్ములు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు అన్నీ ఉంటాయి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించుకోవాలి. చిక్కేమిటంటే పాత పంపకాల్లో ఆడపిల్లల పేర్లు సాధారణంగా కనబడవు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం అమలైంది 1985 సెప్టెంబరు 5 నుంచి, అదీ అప్పటికి పెళ్లికానివాళ్లకే. మేనత్తల కొమ్మ కోసం పాత శుభలేఖలు వెతకండి.

లెక్కలటీచరు: దయచేసి చెట్టు బొమ్మతో మొదలెట్టకండి. మన ఇళ్లలో మేనరికాలు ఎక్కువ. అక్క కూతుర్ని చేసుకున్న తమ్ముడు రెండో తరంలో కొడుకు, మూడో తరంలో అల్లుడు. బొమ్మలో రెండుసార్లు పడతాడు, లెక్క తప్పుతుంది. ఎక్సెల్‌లో మనిషికో నంబరు వేసి, పేరు, ఇంటిపేరు, తండ్రి నంబరు, తల్లి నంబరు, జీవిత భాగస్వామి నంబరు, ఊరు రాయండి. తాత పేరే మనవడికి పెడతారు కాబట్టి పేరుతో వెతికితే ఒకరి వివరాలు ఇంకొకరికి అతుక్కుంటాయి. దత్తత వెళ్లినవాళ్లకు కన్నవాళ్ల నంబర్లు విడిగా రాయాలి. తర్వాత గ్రాంప్స్ అనే వంశవృక్షాల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకోవచ్చు, ఉచితమే.

పంచాంగంపిచ్చి: ఇంకోటి. 'ఆనంద నామ సంవత్సరం మాఘం' అంటే 1914 అని రాసేస్తుంటారు. ఉగాదికి మొదలైన ఏడాది మాఘం వచ్చేసరికి 1915లో పడుతుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది గనక 1974-75 కూడా ఆనందే, పెళ్లి తేదీతో సరిచూసుకోండి. బడి రికార్డుల్లోని జూన్ 1, జూలై 1 పుట్టినరోజులను మాత్రం నేనైతే నమ్మను.

గోదారిగట్టు: పట్టిక వాట్సాప్ గ్రూపులో పెట్టేయనా?

దస్తావేజులదారి: బతికున్నవాళ్ల పుట్టినతేదీలు, ఫోన్ నంబర్లు తీసేసి పెట్టండి, గ్రూపులోంచి ఎక్కడికి పోతుందో తెలియదు. పెద్దవాళ్లను అడిగేటప్పుడు 'మీ తాత పేరేంటి' అంటే గుర్తు రాదు. పెళ్లి ఆల్బమ్ ముందు పెట్టి 'ఈ పక్కన ఎవరు పిన్నీ' అనండి, ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసుకుని.