అప్‌డేట్: అలల క్లటర్‌లో పడవ ట్రాక్ ఇప్పుడు నిలబడుతోంది

మొన్న అడిగా కదా, తీరం దగ్గర తీసిన ఎక్స్-బ్యాండ్ రాడార్ డేటాలో చిన్న పడవని కాల్మన్ ఫిల్టర్‌తో (తర్వాతి చోటు అంచనా వేసి, కొత్త కొలతతో సరిదిద్దే పద్ధతి) ట్రాక్ చేస్తుంటే అల ఎకో (క్లటర్, అంటే అలల నుంచి తిరిగొచ్చే అక్కర్లేని సిగ్నల్) పక్కన రాగానే ట్రాక్ దాని వెంట పోతోందని. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ, పని చేసింది.

అసలు తేడా డేటా అసోసియేషన్ (ఏ కొలత పడవదో తేల్చడం) దగ్గరే వచ్చింది. ముందు గేట్‌లో (పడవ ఉండొచ్చని అంచనా వేసిన చోటు చుట్టూ గీసే హద్దు) అన్నిటికంటే దగ్గరున్న ఒక్క ప్లాట్‌నే (రాడార్ పట్టిన చుక్క) తీసుకునేది, ఇప్పుడు పీడీఏ (ప్రాబబిలిస్టిక్ డేటా అసోసియేషన్) పెట్టా, అది గేట్‌లో పడ్డ ప్రతి ప్లాట్‌కీ ఇది పడవ అయ్యే అవకాశం ఎంతో చూసి వెయిట్ ఇస్తుంది, వీటిలో ఏదీ పడవ కాకపోవచ్చు అనేదానికి కూడా కొంత వాటా ఉంచుతుంది, అందుకే అలలు ఎక్కువైనప్పుడు కోవేరియన్స్ (అంచనాలో ఉండే అనిశ్చితి) పెరుగుతుందే గానీ ట్రాక్ పక్కకి దూకట్లేదు. బార్-షాలోమ్, ట్సే 1975లోనే చెప్పిన పద్ధతి, నాకైతే భలే నచ్చింది. గేట్ 9.21 దగ్గర పెట్టా, రేంజ్ (దూరం), బేరింగ్ (దిశ) రెండు కొలతలకి కై-స్క్వేర్ పట్టికలో 99 శాతం విలువ అదే, అంటే పడవ ప్లాట్ వస్తే నూటికి 99 సార్లు గేట్‌లోనే పడుతుంది.

డిటెక్షన్‌లో సీఏ-సీఫార్ (పక్క సెల్స్ సగటుని బట్టి థ్రెషోల్డ్ పెట్టేది) తీసేసి ఓఎస్-సీఫార్ (సగటు బదులు ఆ సెల్స్‌ని వరుసలో పెట్టి ఒక విలువ తీసుకునేది) వాడా. పక్క సెల్స్‌లో పెద్ద ఓడ ఉంటే సగటు పెరిగి థ్రెషోల్డ్ పైకెళ్ళి పడవ మాయమయ్యేది, ఇప్పుడు కనిపిస్తోంది.

రెండు పడవలు దగ్గరగా దాటుకుంటే మాత్రం ట్రాక్‌లు ఇంకా కలిసిపోతున్నాయి. దీనికి జేపీడీఏ (అన్ని పడవల్నీ కలిపి చూసే పీడీఏ) చాలా, ఎంహెచ్‌టీకి (చాలా ఊహల్ని కొన్ని స్కాన్‌ల వరకు పట్టుకుని తర్వాత తేల్చే పద్ధతి) వెళ్ళాలా? చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.