అమ్మ రిపోర్టులో సెన్‌ప్-బి పాజిటివ్: మాకూ జీన్ టెస్ట్ కావాలా?

అమ్మకు 56 ఏళ్లు. పొద్దున్నే చన్నీళ్లలో గిన్నెలు తోముతుంటే వేళ్ల చివర్లు సున్నం పూసినట్టు తెల్లబడి, కాసేపటికి నీలంగా మారుతున్నాయి. రక్తపరీక్షలో సెన్‌ప్-బి (CENP-B) అనే ప్రోటీన్ మీద దాడి చేసే యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. స్క్లెరోడెర్మా, అంటే చర్మం గట్టిపడే జబ్బు, కావచ్చన్నారు డాక్టరు గారు.

సెన్‌ప్-బి జీన్ 20వ క్రోమోజోమ్ మీద ఉంటుందని చదివాను. అది తయారుచేయించే ప్రోటీన్ సెంట్రోమియర్ దగ్గర, అంటే కణం విడిపోయేటప్పుడు క్రోమోజోమ్‌ను లాగే పోగులు తగులుకునే చోట, 17 అక్షరాల డీఎన్ఏ ముక్కను పట్టుకుంటుందట. 1985లో దీన్ని గుర్తించింది కూడా ఇలాంటి రోగుల రక్తంతోనే. అంటే జీన్‌లో లోపం లేదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ ప్రోటీన్ మీద తిరగబడిందని నాకు అర్థమైంది. అంతేనా? మరి చెల్లికీ నాకూ జీన్ టెస్ట్ అవసరమా?

గుండె ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష మీరు ఎన్నాళ్లకోసారి చేయిస్తున్నారు? ఈమధ్య ముద్ద దిగడం లేదంటోంది అమ్మ, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.